నలభై నిమిషాల గొంతు

ఈ జంట నగరాల్లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు ఎన్ని వేలమంది ఉన్నారో నాకు తెలీదు. వాళ్ళందరిలోకీ కంప్యూటరు సంగతి బాగా తెలిసిన మనిషెవరయ్యా అని అడిగితే మాత్రం నేను విజయేందర్ గారి పేరే చెబుతాను. ఆయనకు కళ్ళు కనబడవు. ఇంజనీరింగ్ చదవలేదు. స్క్రూడ్రైవరు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆయన పేరే చెబుతాను. కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు, నాకసలే ముక్కు మీద కోపం.

నా పేరు సూరి. మాది నర్సీపట్నం. డిప్లొమా చేతికి రాగానే, ఊళ్ళో కుర్రాళ్ళంతా బయల్దేరారని నేనూ సికింద్రాబాద్ వచ్చిపడ్డాను. రెజిమెంటల్ బజార్‌లో ఒక మేడ మీది గదిలో కాపురం, ఒక చిన్న కంప్యూటర్ మరమ్మతుల సంస్థలో ఉద్యోగం. ఏడాదికింత అని ఒప్పందం రాసుకున్న ఆఫీసులకు వెళ్ళి మెషీన్లు చూసి రావడం నా పని. అలాంటి ఆఫీసుల్లో మందుల హోల్‌సేల్ కంపెనీ ఒకటి. మెడికల్ షాపులవాళ్ళు పొద్దున్నించీ సాయంత్రం దాకా దానికి ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఫలానా మాత్ర ఉందా, ఎన్ని పెట్టెలున్నాయి, ఇవాళ పంపుతారా అని. ఆ ఫోన్లు ఎత్తే నలుగురిలో విజయేందర్ గారు ఒకరు.

ఆయన పుట్టింది బన్సీలాల్‌పేట్‌లో. నాలుగో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. వాళ్ళ నాన్న సదాశివ గారికి మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం ఉండేది. చుట్టుపక్కల పది దుకాణాలకు కలిపి ఫోను అక్కడ ఒక్కటే. చుట్టాలంతా పిల్లాణ్ణి ఇంట్లో ఉంచమంటే ఆయన వినకుండా తెచ్చి ఆ ఫోను పక్కన కూర్చోబెట్టారట. ఎవరికి ఏ కబురు వచ్చిందో, ఎవరు ఏ లారీ గురించి అడిగారో సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుని చెప్పడం ఆ పిల్లాడి పని. తరవాత అంధుల బడి, ఆపైన టెలిఫోన్ ఆపరేటర్ శిక్షణ, ఆపైన ఈ కంపెనీలో స్విచ్‌బోర్డు. పద్దెనిమిదేళ్ళు దాని ముందే కూర్చున్నారు. చివరికి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే యంత్రమొకటి వచ్చి బోర్డును తీసేయించింది. ఈయన ఏడవలేదు, యూనియన్ దగ్గరికి పోలేదు. ఆరు నెలలు సెలవు పెట్టి కంప్యూటరు నేర్చుకుని వచ్చి, "స్టాకు చెప్పే సీట్ల కూసుంట సార్" అన్నారు.

ఎలా చెబుతారనుకున్నారు? ఎడమ చెవికి ఫోను, కుడి చెవికి కంప్యూటరు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామొకటి ఆయన మెషీన్‌లో ఉండేది. అది ఇంగ్లీషులో, అదీ మనకు ఒక్క ముక్క అంతుబట్టనంత వేగంగా మాట్లాడేది. ఒకసారి ఆ హెడ్‌ఫోను నా చెవికి పెట్టుకుని, చేటలోంచి బియ్యం జారుతున్నట్టుంది తప్ప మాటేదీ తెలియక తీసేశాను. ఆయన మాత్రం ఎడమ చెవితో దుకాణందారు గోడు వింటూ, కుడి చెవితో స్టాకు వింటూ, నోటితో జవాబు చెబుతూ, చేత్తో ఆర్డరు కొట్టేసేవారు. అబ్బ! ఆ పని చూడటానికే నేను అక్కడ టీ తాగడం అలవాటు చేసుకున్నాను.

రెండు వేల రెండు వేసవిలో ఆ కంపెనీకి పన్నెండు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో పాత విండోసే వేసి పంపారు, పెట్టెలో మాత్రం కొత్త విండోస్ సీడీ పెట్టారు. వేసుకుంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. అయితే మేనేజర్ వెంకటరత్నం గారు అదే వేసవిలో కొత్త స్టాకు ప్రోగ్రాం కొన్నారు. అది కొత్త విండోస్ మీదే నడుస్తుంది. జూలై ఒకటో తారీఖు నుంచి పాత ప్రోగ్రాం బంద్. జూన్ సగమయ్యేసరికి పదకొండు మెషీన్లకు నేను కొత్త విండోస్ ఎక్కించేశాను. పన్నెండోది విజయేందర్ గారిది.

"ఏటండీ ఇంత ఆలోచన? కూర్చోండి, గంటలో వేసి పడేస్తాను" అన్నాను.

"గంటల వేస్తవ్, గది నాకెర్కే. వేసినంక గిది మాట్లాడకపోతే? గోడకూ దీనికీ నాకు ఫరక్ ఏముంటది చెప్పు" అన్నారాయన. తరవాత చిన్నగా, "ఇంతకుముందు రెండుసార్లు సుత నువ్వు గంటలనే వేసినవ్ గద సూరీ" అన్నారు.

నా మొహాన ఎవరో నీళ్ళు కొట్టినట్టయింది. ఆ సంగతి చెప్పాలి, దాస్తే పాపం. ఆ మాట్లాడే ప్రోగ్రాంకి తాళం ఒక ఫ్లాపీలో ఉంటుంది. కొన్నప్పుడు ఫ్లాపీలో మూడు తాళాలిచ్చారు. ఒకటి మెషీన్‌లోకి ఎక్కిస్తే ఫ్లాపీలో రెండు మిగులుతాయి. మెషీన్ని తుడిచేసే ముందు ఆ తాళాన్ని తిరిగి ఫ్లాపీలోకి లాక్కోవాలి. లాక్కోకుండా తుడిచామా, అది గంగలో కలిసినట్టే. మాలాంటి మెకానిక్కులకు ఏ రోగానికైనా ఒకటే మందు: ఫార్మాట్. వైరస్ వచ్చిందా, ఫార్మాట్. ఆగి ఆగి నడుస్తోందా, ఫార్మాట్. ప్రింటర్ పలకడం లేదా, అదీ ఫార్మాటే. అలా ఆయన పాత మెషీన్ని తెలియక ఒకసారి తుడిచాను. తాళం పోయింది. ఆయన నన్ను కూర్చోబెట్టి ఫ్లాపీ సంగతంతా వివరంగా చెప్పారు. ఆర్నెల్లకు మళ్ళీ తుడిచాను, ఈసారి తెలిసీ, తొందరలో. రెండో తాళమూ పోయింది. ఇప్పుడు ఈ కొత్త మెషీన్‌లో ఉన్నది మూడోది, ఆఖరుది.

ఇంకో తాళం కొనమని ఆయన మేనేజర్ని అడగడానికి వెళ్ళినప్పుడు నేను ఆ గదిలోనే, బల్ల కింద వైర్లు సర్దుతున్నాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"మూడుండాలి కదండీ, మిగతా రెండూ ఏమయ్యాయి?" అన్నారు వెంకటరత్నం గారు.

"పోయినయ్ సార్."

అంతే అన్నారు. ఎవరు పోగొట్టారో చెప్పలేదు. నేను బల్ల కింద వైర్లు సర్దుతూనే ఉన్నాను. అప్పుడే లేచి నిజం చెప్పాల్సింది. ఆ ఆఫీసు కాంట్రాక్టు పోతే నా ఉద్యోగమూ పోతుందని భయపడ్డాను. అంత పిరికివాణ్ణని నాకు ఆరోజే తెలిసింది.

వెంకటరత్నం గారు చెడ్డవారేం కాదు. చాలా మెత్తగానే మాట్లాడారు. "విజయేందర్ గారూ, మీరు అనవసరంగా హైరానా పడకండి. కొత్త ప్రోగ్రాం మీకు కుదిరిందా సరే. కుదరలేదా, రిసెప్షన్ పక్కన మంచి కుర్చీ ఒకటి వేయిస్తాను. ఇరవై ఏళ్ళ సర్వీసు మీది. హాయిగా కూర్చోండి, మీ జీతం ఎక్కడికీ పోదు" అన్నారు.

బయటికొచ్చాక విజయేందర్ గారి మొహం చూశాను. అంతకుముందెప్పుడూ ఆయన మొహం అలా లేదు. "ఊకె కూసోబెట్టి జీతమిస్తరట సూరీ. నలభై రెండేండ్లకే నన్ను ఫోటో జేసి గోడకు ఏలాడదీస్తున్నరు" అన్నారు.

సంగతి ఇదీ. కొత్త విండోస్ వేసుకోకపోతే ఒకటో తారీఖున పని పోతుంది. వేసుకుంటే, ఆ పాత గొంతు కొత్త విండోస్ మీద పలుకుతుందో లేదో ఎవరికీ తెలీదు. పలక్కపోతే ఉన్న ఒక్క తాళమూ పోయి, అప్పుడూ అదే కుర్చీ. నేనైతే బొమ్మా బొరుసా వేసేసేవాణ్ణి. ఆయన అలా చేయలేదు.

ముందు ఆ ప్రోగ్రాం అమ్మినవాళ్ళకు బొంబాయి ఫోన్ చేశారు. పలకొచ్చు, పలక్కపోవచ్చు అన్నారట వాళ్ళు. "గీ మాట చెప్పేటందుకు బొంబాయి ఎందుకు, మా సూరి సుత చెప్తడు" అని ఫోను పెట్టేశారు. తరవాత రెండు రోజులు ఆలోచిస్తూనే ఉన్నారు. మూడో రోజు నేను వెళ్ళగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"తాళం లేకున్నా గది నలభై నిమిషాలు మాట్లాడతది, ఎర్కేనా నీకు?"

నాకు తెలీదు. కొనేముందు విని చూసుకోవడానికని ఆ సదుపాయం పెట్టారట. తాళం వేయకుండా ప్రోగ్రాం ఎక్కిస్తే నలభై నిమిషాలు మాట్లాడి నోరు మూసుకుంటుంది. మెషీన్ ఆపి మళ్ళీ పెడితే ఇంకో నలభై.

"మరి భవాని మిషన్ల కొత్త విండోస్ ఉన్నది గద. దాంట్ల తాళం లేకుంట ఎక్కించి చూద్దాం. పలికితే నా దాంట్ల సుత పలుకుతది. పలకకపోతే తీసేద్దాం. మన తాళం ముట్టుకునే పనే లేదు."

ఓరి నాయనో! ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఒక మెషీన్‌లో పరీక్ష చేసి ఇంకో మెషీన్‌లో వేయాలన్న ఆలోచన నా బుర్రకు తట్టనేలేదు. నా డిప్లొమా తీసుకెళ్ళి మూసీలో పడేయాలనిపించింది.

భవాని ఆయన పక్క సీటే, ఆ నలుగురిలో ఆమె ఒకతి. "తీస్కో అన్నా, నా మిషన్ ఏమన్న అరిగిపోతదా?" అని భోజనం వేళ లేచి కుర్చీ ఇచ్చింది. నేను ప్రోగ్రాం ఎక్కించాను. ఆయన హెడ్‌ఫోను పెట్టుకున్నారు. ఆ మొహంలో మొదట ఏమీ లేదు. తరవాత కనుబొమలు పైకి లేచాయి. "మాట్లాడుతున్నది" అన్నారు. కొత్త స్టాకు ప్రోగ్రాంలోకి వెళ్ళి వరుసలన్నీ తడిమారు. మందు పేరు చదువుతోంది, పెట్టెల లెక్క చదువుతోంది, గడువు తేదీ దగ్గర మాత్రం తడబడుతోంది. ఏ మీట నొక్కితే అదీ చదువుతుందో ఓపిగ్గా వెతికి పట్టుకున్నారు. జేబులోంచి బ్రెయిలీ పలక, సూది తీసి టకటకా పొడిచి రాసుకున్నారు. నలభయ్యో నిమిషంలో గొంతు ఆగిపోయింది. ఆయన తన చేతి గడియారం మూత తెరిచి ముళ్ళు తడిమి, "సరిగ్గ నలభై" అన్నారు, ఎంతో ఇష్టమైన సంగతి విన్నట్టు.

ఇక వేసేద్దామన్నాను. ఆయన ఆగమన్నారు.

"తాళం ఫ్లాపీలకు తీస్కున్నంక, ఆ ఫ్లాపీ దగా జేస్తే?"

"అయితే ఏం చేస్తామండీ?"

"నలభై నిమిషాలు ఉన్నయ్ గద" అన్నారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తరవాత నా ప్రాణం తీశారు. కొత్త విండోస్ ఎక్కేటప్పుడు గంటసేపు మెషీన్‌కు నోరుండదు. ఆ గంటలో తెర మీద ఏ ప్రశ్న ఎప్పుడొస్తుంది, దానికి ఏ మీట నొక్కాలి, నొక్కాక డిస్కు ఎంతసేపు గురగురలాడుతుంది, అన్నీ వరసగా చెప్పమన్నారు. పదకొండు మెషీన్లకు ఎక్కించినవాణ్ణి కదా, నోరు తెరిచాను. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. చేతులకు తెలుసు తప్ప నాకు తెలీదు! సిగ్గుతో ఇంకో ఆఫీసుకు పోయి, అక్కడ ఒక మెషీన్‌కు ఎక్కిస్తూ, గడియారం పక్కన పెట్టుకుని ఒక్కొక్క తెరా కాగితం మీద రాసుకొచ్చాను. నేను చదువుతుంటే ఆయన పొడుచుకున్నారు.

"నేను పక్కనే ఉంటాను కదండీ, నేనే నొక్కుతాను. మీకెందుకీ తక్లీఫ్?"

"నువ్వు నొక్కితే నీ మిషనైతది. రేపు ఏమన్న అయితే మల్ల నిన్నే పిలవాలె. నా మిషన్ నాకు తెల్వాలె" అన్నారు.

జూన్ ముప్ఫై ఆదివారం. ఆఫీసుకు సెలవు. పొద్దున్న పదింటికి మేమిద్దరమే ఉన్నాం. ముందు తాళాన్ని ఫ్లాపీలోకి తీశారు. వచ్చింది అని మెషీనే చెప్పింది. ఫ్లాపీని రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తరవాత సీడీ పెట్టి ఎక్కించడం షురూ చేశారు.

గొంతు ఆగిపోయింది. ఆయన హెడ్‌ఫోను తీసేసి, ఎడమ అరచేతిని మెషీన్ డబ్బా మీద ఆనించారు. సీడీ తిరిగే చప్పుడు, డిస్కు గీరుకునే చప్పుడు వింటూ కూర్చున్నారు. గురగుర ఆగగానే బ్రెయిలీ కాగితం తడిమి మీట నొక్కేవారు. ఒకచోట నేను రాసుకొచ్చిన దానికంటే ముందే ప్రశ్న వచ్చేసింది. నేను గభాలున చెయ్యి చాచాను. "నొక్కకు. ఏమడుగుతున్నదో చదువు" అన్నారు. చదివాను. ఆయనే నొక్కారు. ఒక గంటా పది నిమిషాలకు ఆయన చేతుల మీదుగానే కొత్త విండోస్ వచ్చి కూర్చుంది. నేను చేసిందల్లా రెండుసార్లు టీ తేవడమే.

మాట్లాడే ప్రోగ్రాం ఎక్కించారు. గొంతు పలికింది. హమ్మయ్య అనుకుని నేను లేచి ఒళ్ళు విరుచుకున్నాను. ఆయన రుమాలు విప్పి ఫ్లాపీ లోపల పెట్టారు. కర్ర్ కర్ర్ మంది. ఆగింది. మళ్ళీ కర్ర్ మంది. తెర మీద ఫ్లాపీ చదవడానికి రావడం లేదని పడింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాం. ఇంకో మెషీన్‌లో పెట్టాం. పన్నెండు మెషీన్లలోనూ పెట్టి చూశాం. ఫ్లాపీ చచ్చిపోయింది, దాంతోపాటు తాళమూ పోయింది.

నాకు ఏడుపొచ్చింది, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొదటి రెండూ నేను మింగకపోతే ఈ మనిషి ఇవాళ ఒక్క ఫ్లాపీకి తల ఒగ్గేవాడా అనుకున్నాను. "విజయేందర్ గారూ..." అన్నాను.

"పరేషాన్ కాకు. పొద్దుగాల తొమ్మిదికి ఆఫీసు. తొమ్మిదింటి నుంచి ఆరింటి దాక ఎన్ని నలభైలు?" అన్నారు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఆ రోజు ఆయనన్న మాట. ఆయన నిర్ణయం తీసుకున్నది ఫ్లాపీని నమ్మి కాదు. ఫ్లాపీ పోయినా పని ఆగదని ముందే లెక్కేసుకుని తీసుకున్నారు.

మర్నాడు సోమవారం, ఒకటో తారీఖు. నాకక్కడ పనేం లేకపోయినా పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. తొమ్మిదింటికి ఆయన సీట్లో కూర్చుని గడియారం తడిమి ఫోను ఎత్తారు. ముప్ఫై ఎనిమిదో నిమిషం దాకా గబగబా ఆర్డర్లు. అప్పుడు లైన్లో ఉన్నవాళ్ళతో, "జెర మూడు నిమిషాలు ఆగి చెయ్యన్నా" అనేవారు. మెషీన్ ఆపి మళ్ళీ పెట్టేవారు. అది లేచి గొంతు విప్పడానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల ఫోన్లు భవాని ఎత్తేది. మళ్ళీ నలభై. అవతల దుకాణాలవాళ్ళకు అంతకుమించి తేడా ఏమీ తెలియలేదు.

మధ్యాహ్నం దగ్గరపడుతుండగా వెంకటరత్నం గారు వచ్చారు. వెనకాల అటెండర్ మెత్తలు వేసిన కుర్చీ ఒకటి మోసుకొస్తున్నాడు. ఫోన్లో మాట్లాడుతున్న విజయేందర్ గారిని చూసి ఆగిపోయారు. అదే క్షణాన నలభై నిండింది. మెషీన్ ఆపి మళ్ళీ పెట్టడం నిలబడి చూశారు.

"ఏంటిది సూరీ? మెషీన్ పాడైందా?" అన్నారు.

నేను ఫ్లాపీ చచ్చిపోయిన సంగతి, నలభై నిమిషాల సంగతి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. "తాళం పోతే నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ విజయేందర్ గారూ! రోజంతా ఇలా తిప్పలు పడటమెందుకు? అడగకపోతే నాకెలా తెలుస్తుంది?"

"అడిగిన గద సార్. పనికి తాళం అడిగితే మీరు కుర్చీ ఇస్త అన్నరు" అన్నారు విజయేందర్ గారు. కోపంగా కూడా అనలేదు.

వెంకటరత్నం గారు అటెండర్ వైపు తిరిగారు. ఆ కుర్చీ ఎక్కడ దింపాలో తెలియక వాడు చేతుల్లోనే పట్టుకు నిలబడ్డాడు. నాకిక ఆగలేదు.

"సార్, ముందు పోయిన రెండు తాళాలూ పోగొట్టింది ఈయన కాదు సార్. నేను. రెండుసార్లూ నేనే తుడిచేశాను. రెండోసారి తెలిసి కూడా తుడిచాను. నేను బల్ల కింద ఉన్నానని తెలిసి కూడా ఈయన నా పేరు చెప్పలేదు సార్" అని గట్టిగానే అన్నాను. ఆఫీసంతా ఇటు తిరిగింది.

వెంకటరత్నం గారు నన్ను చూసి నోరు తెరిచారు. అప్పుడే విజయేందర్ గారి చెవిలో గొంతు లేచినట్టుంది, ఫోను కూడా మోగింది. ఆయన మా వైపు అరచెయ్యి ఎత్తారు.

"జెర చుప్ ఉండుండ్రి ఇద్దరూ. లైన్ల మనిషున్నడు."

మేమిద్దరం చుప్‌గా నిలబడ్డాం. ఇన్సులిన్ కావాలని ఎవరో, తరవాత చంటిపిల్లల దగ్గు మందు కావాలని ఇంకెవరో, ఒకరి తరవాత ఒకరు. మేనేజర్ గారు, ఈసారి ఆయన అడిగేది రాసుకోవడానికన్నట్టు, జేబులోంచి కలం, కాగితం తీసుకుని అక్కడే నిలబడిపోయారు. అటెండర్ కుర్చీని తీసుకెళ్ళిపోయాడు. నలభై నిమిషాలూ మేమిద్దరం కదల్లేదు.

గొంతు ఆగింది. విజయేందర్ గారు మెషీన్ ఆపి మళ్ళీ పెట్టి, కుడి చెవి మీంచి హెడ్‌ఫోను తీసి, మేమున్న వైపు కుర్చీ తిప్పుకున్నారు.

"ఆఁ, మూడు నిమిషాలు ఖాళీ ఉన్న. ఇప్పుడు మాట్లాడుండ్రి సార్" అన్నారు.